నడిచే మిషనూ, లంకావిడ వంకాయలూ

ఆ రోజుల్లో మా గోదావరి వైపు నడక అంటే ఎక్కడికో ఒకచోటికి వెళ్ళడం. రేవుకి నడిచేవాళ్ళు, పొలానికి నడిచేవాళ్ళు, బస్సు తప్పిపోతుందని బస్టాండుకి పరుగులాంటి నడక నడిచేవాళ్ళు ఉండేవారు. ఎక్కడికీ వెళ్ళకుండా ఊరికే నడిచే మనిషి కనిపిస్తే, ఇంట్లో పోట్లాడి బయటికొచ్చాడనో, తాళంచెవి ఎక్కడో పారేసుకుని వెతుక్కుంటున్నాడనో జాలిపడేవాళ్ళం. సెల్‌ఫోన్లు అప్పుడప్పుడే జనం జేబుల్లోకి చేరుతున్న ఆ కాలంలోనే, డాక్టర్లు మందుచీటీ అడుగున 'నడక' అని ఒక కొత్త మందు రాయడం మొదలుపెట్టారు. ఏ మందుల షాపులోనూ దొరకని మందు అదొక్కటే. (దొరికి ఉంటే రేటు తగ్గించి తెచ్చే బాధ్యత నాదే అయ్యేది. చిన్నప్పటినుంచీ నా ఉద్యోగం అదే.)

ఎందుకంటే నేను పుట్టిందీ పెరిగిందీ రాజమండ్రిలో, స్టీలు సామాన్ల కొట్టు వెనక గదిలో. మిగతా పిల్లలు చందమామను చూస్తూ అన్నం తింటే, నేను కొనేవాళ్ళ కాళ్ళు చూస్తూ తిన్నాను. మా నాన్న కూడా కొనేవాళ్ళ మొహం చూసేవారు కాదు, మడమలు చూసేవారు. "బేరంలో నోటికంటే కాళ్ళు ముఖ్యమే అమ్మా" అనేవారు. "నోరు ఎన్నైనా అంటుంది. మనిషి వద్దనుకుని మెట్లు దిగుతుంటే, నిజంగా దిగుతోందా, పిలిపించుకోడానికి దిగుతోందా అన్నది మడమ చెబుతుంది." మా కొట్టు ధర్మశాస్త్రం మొత్తం ఒక్క ముక్కలో ఉండేది. వెళ్ళిపోయేవాళ్ళని వెనక్కి పిలిచినవాడు రేటు తగ్గించాలి. పిలవకుండానే ఆగినవాళ్ళు చెప్పిన రేటుకి ఒప్పుకోవాలి. ఈ ఒక్క ముక్క కోసం కుక్కర్ల ముందూ, బిందెల ముందూ ఎంతమంది ఆడవాళ్ళు చెప్పు పట్టీ సరిచేసుకునే నెపంతో మెట్ల మీద జాగుచేశారో లెక్కలేదు. ఆ విద్య నాకు చిన్నప్పుడే పట్టుబడింది. నేను నడిచి వెళ్ళిపోతుంటే వెనక్కి పిలవని కొట్టువాడు రాజమండ్రిలో లేడని నాకు కొంచెం గర్వం కూడా ఉండేది.

అలాంటి నన్ను ధవళేశ్వరం ఇచ్చారు. మావయ్యగారు కాలవల ఆఫీసులో పనిచేసి రిటైరైన మనిషి. అత్తయ్యది కోనసీమలో కొబ్బరితోటల కుటుంబం. చెయ్యి చాపితే కాయ, గెల, పెరుగు దొరికే ఇంట్లో పెరగడం వల్ల బేరమనే మాట వింటేనే ఆవిడకి మొహం చిన్నబోయేది. "పండించినవాళ్ళ దగ్గర బేరమేంటే, వాళ్ళ వాకిట్లో నిలబడి వాళ్ళనే దోచుకున్నట్టుంటుంది" అనేవారు. నన్ను ముద్దుగా 'కొట్టుపిల్ల' అని పిలిచేవారు. (ముద్దుగానే అని నేను నిర్ణయించుకున్నాను.) పెళ్ళయిన కొత్తలో ఆ ఇంట్లో నా తెలివితేటలకి వాడకమే లేకుండా పోయింది. కత్తికి పదును ఉంది గానీ కొయ్యడానికి వంకాయ లేదు.

అప్పుడొచ్చింది అత్తయ్యకి షుగరు. ఉందని ముందే తెలుసు, ఈసారి బాగా ఎక్కువైంది. డాక్టరుగారు కాగితం చూసి, కళ్ళజోడు తీసి, మళ్ళీ పెట్టుకుని, "రోజూ నడవాలండి. కార్తీకం వెళ్ళాక మళ్ళీ రక్తం చూస్తాను. తగ్గిందా సరేసరి, లేకపోతే రోజూ ఇంజెక్షనే" అన్నారు. మా అత్తయ్య పాముకి భయపడరు, వరద గోదారికి భయపడరు, మావయ్యగారికి అసలే భయపడరు. సూదంటే మాత్రం చిన్నపిల్లయిపోతారు. ఇంటికొచ్చే దారిలో ఆటోలో నా చెయ్యి గట్టిగా పట్టుకుని, "ఏం చేస్తావో నాకు తెలీదు అమ్మాయ్, ఆ సూది మాత్రం నా ఒంటికి తగలకూడదు" అన్నారు. అత్తగారు కోడల్ని నమ్మి ఒక పని అప్పజెప్పడం అదే మొదటిసారి. నాకు ఆనందంతో పాటు చెమటలు కూడా పట్టాయి.

మర్నాడు పొద్దున్నే ఆవిడని కాలవ గట్టు మీదకి పంపించాను. వెళ్ళిన మనిషి టిఫిన్ల వేళ దాటాక, పమిట చెంగులో రెండు అరిసెలు కట్టుకుని తిరిగొచ్చారు. ఏమైందని అడిగితే చెప్పారు. మా వైపు ఎదురైన మనిషిని "ఎక్కడికండి?" అని అడక్కపోతే మర్యాద కాదు. అడిగినవాళ్ళకి "ఎక్కడికీ లేదండి" అని చెప్పడం అంతకంటే మర్యాద కాదు. అంచేత ఆవిడ మొదటి ఇంటివాళ్ళు అడగ్గానే "మీ ఇంటికేనండి" అనేశారట. వాళ్ళు కాఫీ ఇచ్చారు. ఆ పక్కింటివాళ్ళు అడిగితే "మీ ఇంటికే" అన్నారు, వాళ్ళు పూతరేకు పెట్టారు. అలా గట్టు పొడుగునా ఒక్కో ఇంటి దగ్గరా ఆగుతూ, ఒక్కో చెంచా పంచదార పుచ్చుకుంటూ వచ్చారు. ఈ పద్ధతిలో నడిస్తే కార్తీకం దాకా ఆగక్కర్లేదు, దసరాకే సూది ఖాయం అనిపించింది.

అందుకని ట్రెడ్‌మిల్ అనే నడిచే మిషను కొనాలని నేను తీర్మానించాను. రాజమండ్రిలో ఒక రిటైరైన కాంట్రాక్టరుగారింట్లో వాడకుండా పడి ఉందని తెలిసి వెళ్ళాను. పడి ఉందన్నది నిజమే గానీ వాడటం లేదన్నది అబద్ధం. దాని పిడుల మీద తువ్వాళ్ళు, లుంగీలు, ఒక దుప్పటి శుభ్రంగా ఆరుతున్నాయి. "ఇది నడిచే మిషనాండీ, బట్టలారేసుకునే దండెమాండీ? ముందు అది తేల్చండి, రెంటికీ ఒకటే రేటు ఉండదు కదా" అన్నాను. ఆయన నొచ్చుకోలేదు. "నడుద్దామనే కొన్నానమ్మా. బట్టలే వాటంతటవి వచ్చి చేరాయి" అన్నారు. నా మాట నేను చెప్పి, ఆయన మాట ఆయన చెప్పాక, నేను మెట్లు దిగాను. గేటు దగ్గర చెప్పు పట్టీ సరిచేసుకున్నాను. "అమ్మాయ్, ఓసారి ఇలా రా తల్లీ" అని వినిపించింది. కింద వేసుకునే రబ్బరు చాప కూడా కలిపి ఇచ్చేశారు.

ట్రాలీ ఆటోలో దాన్ని దింపుతుంటే వీధి వీధంతా బయటికొచ్చి చూసింది. ఎదురింటావిడ ఇంట్లోకి వెళ్ళి, నానబోసిన బియ్యం గిన్నెతో వచ్చి, "పిండి మర పెట్టారంట కదండి, బోణీ మాదే" అంది. మావయ్యగారు పేపరు కిందకి దించి మిషన్ని ఒకసారి ఎగాదిగా చూసి, "ప్రభుత్వం ఇంత పొడుగు కాలవ గట్టు వేయించింది. ఇది దానికంటే పొడుగేంటమ్మా?" అని మళ్ళీ పేపరు ఎత్తేశారు.

మొదట హాల్లో గోడకేసి పెట్టాం. అత్తయ్య చీర కుచ్చెళ్ళు కాస్త పైకి దోపుకుని, పిడులు పట్టుకుని, రంగులరాట్నం ఎక్కుతున్నంత భయంగా ఎక్కారు. భయం త్వరగానే పోయింది, దాని వెనకే విసుగు వచ్చింది. ఎదురుగా గోడ మీద ఎరువుల కంపెనీవాళ్ళు ఇచ్చిన కేలండరు ఉండేది. "ఎంత నడిచినా ఈ కేలండరు దగ్గరికి రాదేంటే" అని దిగిపోయారు. సరే, మార్పు కావాలి కదా అని మర్నాడు మిషన్ని టీవీ వైపు తిప్పాను. సీరియల్లో కోడలు ఏడవగానే అత్తయ్య చెంగుతో కళ్ళు ఒత్తుకోడానికి ఆగారు. ఆవిడ ఆగారు గానీ కింద పట్టా ఆగలేదు. అది ఆవిడని మెల్లిగా, మర్యాదగా వెనక్కి తీసుకెళ్ళి సోఫాలో మావయ్యగారి పక్కన కూర్చోబెట్టింది. ఆయన పేపరు తియ్యకుండానే "వచ్చేశావా" అన్నారు.

ఆ తర్వాత ముందువైపు కాళ్ళ కింద ఇటుకలు పెట్టి ఏటవాలు చేసి, "అత్తయ్యా, ఇది అన్నవరం కొండనుకోండి, ఎక్కండి" అన్నాను. ఇది బాగా పనిచేసింది. గోవింద అనుకుంటూ, సత్యదేవా అనుకుంటూ (ఏ కొండ మీద ఉన్నారో ఆవిడకే స్పష్టత లేదు) నిజంగానే చాలాసేపు ఎక్కారు. దిగి, చెమట తుడుచుకుని, చెయ్యి చాపి, "కొండెక్కించావు కదా, ప్రసాదం ఏదే?" అన్నారు. నేను మజ్జిగ తెచ్చిస్తే, ఆ మొహంలో కనిపించిన నిరాశ చూసి నాకే పాపమనిపించింది. మర్నాడు ఆవిడ కొండెక్కలేదు. దసరా దగ్గరికొస్తోంది. హాల్లో మిషను పిడి మీద ఎవరిదో తువ్వాలు కనిపించింది. దాన్ని లాగి దండెం మీద పడేశాను.

ఇక చివరికి దాన్ని వీధి వరండాలోకి లాగించాను. కనీసం వచ్చేపోయేవాళ్ళని చూస్తూ నడుస్తారని నా ఆశ. అక్కడ తగిలింది లంకావిడ. గోదావరి మధ్య లంకల్లో పండిన కూరలు గంపలో పెట్టుకుని రోజూ మా వీధికి వచ్చేది. అత్తయ్యకి పాత వాడుక. ఆవిడ ఒక రేటు చెప్పడం, ఈవిడ అంతా ఇచ్చి పైగా కాఫీ కూడా ఇవ్వడం, నేను గుమ్మంలో నిలబడి పళ్ళు నూరుకోవడం రోజూ జరిగేదే. ఆ పూట అత్తయ్య మిషను మీద ఉండగా లంకావిడ గంప దింపి వంకాయల రేటు చెప్పింది. అప్పుడు నా బుర్రలో మా నాన్న మాట మెరిసింది. బేరంలో నోటికంటే కాళ్ళు ముఖ్యం. మరి ఇక్కడ కాళ్ళు ఖాళీగానే తిరుగుతున్నాయి కదా.

"అత్తయ్యా, ఒక్కసారి బేరమాడండి. సరదాకి. ఆటనుకోండి" అన్నాను. ఆవిడ ససేమిరా అన్నారు. "సూదికంటే బేరం నయం కదండీ" అన్నాను. ఆ మాటకి ఆవిడ గొంతు సవరించుకుని, జీవితంలో మొదటిసారి, సిగ్గుపడుతూ, "కాస్త తగ్గించకూడదటే?" అన్నారు. లంకావిడ తెల్లబోయింది. "అమ్మగారూ, మీకు ఒంట్లో బాగానే ఉందాండి?" అంది. "ఇప్పుడు వద్దని వెళ్ళిపోవాలి" అని నేను చెవిలో చెప్పాను. "ఎక్కడికి వెళ్ళనే, ఇక్కడే నడుస్తున్నాగా?" అన్నారు అత్తయ్య. అదీ నిజమే. పైగా ఆవిడ మొహం వీధివైపు ఉంది. చూసేవాళ్ళకి ఆవిడ వంకాయల మీదకే ఆత్రంగా వస్తున్నట్టు ఉంది. మిషను ఆపి, ఇద్దరం పట్టి తిప్పి, వీధికి వీపు వచ్చేలా పెట్టాం. (పట్టిన రెండో మనిషి లంకావిడే. తన బేరం మీదకి తనే సాయం పట్టింది, పాపం.) అత్తయ్య మళ్ళీ ఎక్కి, "అయితే నాకొద్దులే" అని, వీపు చూపించి, వెళ్ళిపోవడం మొదలుపెట్టారు. వెళ్ళిపోతూనే ఉన్నారు.

లంకావిడ కాసేపు చూసింది. బేరం ఆవిడకి కొత్తేం కాదు, కానీ ఎంత వెళ్ళినా దూరం కాని కొనుగోలుదారుని చూడటం అదే మొదలు. "ఏంటండీ కోడలుగారూ, అమ్మగారు వెళ్తున్నారా, ఉన్నారా?" అని నన్నడిగింది. "వెళ్తున్నారు. పిలవాలనుకుంటే ఇప్పుడే పిలువు" అన్నాను. "ఆయ్, వెళ్ళనీండి. ఎక్కడికెళ్తారు?" అని మెట్టు మీద చతికిలబడి తమలపాకుకి సున్నం రాసుకోవడం మొదలుపెట్టింది. ఆ మాట అత్తయ్య చెవిన పడింది. చూస్తుండగానే ఆవిడ వీపు నిటారైంది. నేను వేగం మీట ఒకటి పైకి నొక్కాను. అత్తయ్య కాళ్ళు అందుకున్నాయి. ఇంకొకటి నొక్కాను. లంకావిడ పిలవదు, అత్తయ్య ఆగరు. కేలండరుకి విసుగెత్తిన మనిషి, సీరియలుకి ఆగిపోయిన మనిషి, ఆ పూట నేను వంట పొయ్యి మీద పెట్టి వచ్చేదాకా కూడా నడుస్తూనే ఉన్నారు. ఇక లంకావిడ నోట్లో ఆకు ఉమ్మేసి పిలవబోతున్నట్టే ఉంది. సరిగ్గా అప్పుడు కరెంటు పోయింది.

పట్టా ఆగింది. అత్తయ్య ఆగారు. లంకావిడ తీరిగ్గా లేచి, తక్కెడ తీసి, "పిలవకుండానే ఆగారు కదండీ. అయితే నా రేటే" అని వంకాయలు తూచేసింది. మా నాన్న కొట్టు ధర్మశాస్త్రం లంకల దాకా పాకిందని నాకు అప్పుడే తెలిసింది. "నేను ఆగలేదే, కరెంటు ఆగింది" అని అత్తయ్య గోలపెట్టారు. తగువు మావయ్యగారి దగ్గరికి వెళ్ళింది. ఆయన పేపరు మడిచి (ఆ ఒక్క పూటే మడవడం చూశాను), బాగా ఆలోచించి, "కాలవలో నీళ్ళు ఆగితే, గేటు దించిందెవరని అడుగుతాడా రైతు? చేను ఎండిందా లేదా అన్నదే లెక్క. ఆగిందంటే ఆగినట్టే" అని తీర్పు చెప్పారు. అత్తయ్య ఆ పూట వంకాయ కూర ముట్టుకోలేదు. మెతుకులు కెలుకుతూ, "రేపు రానీ దాన్ని" అన్నారు. ఆ మాట నా చెవులకి ఎంత కమ్మగా ఉందో చెప్పలేను. రేపటి నడక కోసం ఆవిడ ఎదురుచూడటం అదే మొదటిసారి.

రేపు వచ్చింది, లంకావిడా వచ్చింది. వంకాయ పోయి బీరకాయ, బీరకాయ పోయి దొండకాయ. రోజుకో కూర, రోజుకో పోరు. కొన్ని రోజులు లంకావిడ పిలిచేది, ఇంట్లో పండగ. కొన్ని రోజులు కరెంటు పోయేది, ఇంట్లో సంతాపం. అయితే సంతాపాలు రానురాను ఎక్కువవుతున్నాయేమిటని నేను కనిపెట్టేసరికి కొంతకాలం పట్టింది. మా వీధిలో కరెంటు తీసే వేళ లంకావిడ పసిగట్టేసింది. ఆ వేళకి కాస్త ముందుగా వచ్చి గంప దించుతోంది. కొట్టుపిల్లనై ఉండీ దీనికి విరుగుడు నాకు తట్టలేదు. అత్తయ్యకి తట్టింది. ఆ మర్నాడు కరెంటు పోగానే, పట్టా ఆగీ ఆగకముందే, ఆవిడ పక్కకి దిగి, నడక తప్పకుండా వరండా దాటి, మెట్లు దిగి, వీధిలోకి నడిచిపోయారు. "అమ్మగారూ" అని లంకావిడ లేచింది. "పిలిచావా?" అన్నారు అత్తయ్య, వెనక్కి తిరక్కుండా. "లేదండీ, పిలవలేదండీ" అని లంకావిడ నాలిక్కరుచుకుని, గంప నెత్తినెత్తుకుని వెనకే బయల్దేరింది. వాళ్ళ వెనక నేను, చేతిలో గరిటెతో.

అలా ముగ్గురం కాలవ గట్టెక్కాం. మొదటి ఇంటివాళ్ళు "ఎక్కడికండి?" అన్నారు. నా ప్రాణం ఉసూరుమంది, కాఫీ తప్పదనుకున్నాను. అత్తయ్య మాత్రం చెయ్యి ఊపి, "బేరంలో ఉన్నానండీ, ఆగకూడదు" అని సాగిపోయారు. పూతరేకువాళ్ళు పలకరించారు, అరిసెలవాళ్ళు గుమ్మంలోకి వచ్చారు, అందరికీ అదే జవాబు. ఎక్కడికి అన్న ప్రశ్నకి ఆవిడకి ఇన్నాళ్ళకి ఒక గౌరవమైన సమాధానం దొరికింది. లాకుల దగ్గర లంకావిడ రొప్పుతూ నిలబడిపోయి, "సరే రండి అమ్మగారూ, మీ రేటుకే ఇస్తాను" అని పిలిచింది. అత్తయ్య అప్పుడు ఆగారు. వెనక్కి తిరిగి నవ్విన ఆ నవ్వు ముందు మా పెళ్ళి ఫొటోలో ఆవిడ నవ్వు దిగదుడుపే.

కార్తీకం వెళ్ళాక డాక్టరుగారు కాగితం చూసి, కళ్ళజోడు తీసి, పెట్టుకుని, "చాలా బాగా తగ్గిందండీ, ఇంజెక్షను అక్కర్లేదు. ఏం చేస్తున్నారు?" అన్నారు. "బేరమాడుతున్నానండి" అన్నారు అత్తయ్య. ఆయన మందుచీటీ మీద ఏదో రాశారు. బయటికొచ్చి చూస్తే 'అదే కొనసాగించండి' అని ఉంది.

ఆ మర్నాడు నేనొక్కదాన్నే రేవు దగ్గరికి వెళ్ళాను. లంకావిడ పడవ దిగుతోంది. నా విద్య వల్ల దిగొచ్చిన రేటు కదా అని, దర్జాగా, "మా అత్తయ్యకిచ్చే రేటుకే నాకూ వంకాయలియ్యి" అన్నాను. ఆవిడ పకపకా నవ్వింది. "ఆ రేటు ఎక్కడిదమ్మా? నేను తగ్గించినంతా సాయంత్రానికి పెరటి గుమ్మంలోంచి బియ్యమో, కొబ్బరికాయలో అయి నా గంపలోకి వచ్చేసేది. అంతకంటే ఎక్కువే పడేది. కోడలికి చెప్పకు, బెంగెట్టుకుంటుంది అనేవారు అమ్మగారు." నేను నిలబడిపోయాను. (పిలవకుండానే ఆగాను, కాబట్టి ఆ పూట వంకాయలు ఆవిడ చెప్పిన రేటుకే కొన్నాను.)

ఇంటికొచ్చి అత్తయ్యని నిలదీశాను. ఆవిడ బియ్యంలో రాళ్ళేరుతున్నారు. తల ఎత్తకుండానే, "ఆ ఇనప మిషనుకి కరెంటు బిల్లు కట్టడం లేదా? నన్ను నడిపించిన అసలు మిషనుకి కట్టొద్దా ఏంటే?" అన్నారు. నేనూ పక్కన కూర్చుని రాళ్ళేరడం మొదలుపెట్టాను. బేరంలో ఓడిపోయినందుకు ఎందుకో హాయిగా కూడా అనిపించింది. ఆ తర్వాత వాళ్ళిద్దరూ రోజూ గట్టు మీదే బేరమాడుకునేవారు. వరండాలో మిషను ఖాళీ అయింది. పిడుల మీదకి బట్టలు, కాంట్రాక్టరుగారన్నట్టు, వాటంతటవే వచ్చి చేరాయి.

మా అత్తయ్య ఆ సూది మొహం చూడకుండానే తన నడక పూర్తిచేసుకున్నారు. ఆనాటి ఆవిడ వయసు ఇప్పుడు నాకు వచ్చింది, షుగరూ వచ్చింది. మా ఇంట్లో కొత్త మిషను ఉంది. దాని ముందు అద్దంలాంటి తెర, అందులో రోజుకో దేశం రోడ్డు. మంచు కొండల పక్కన నడుస్తాను, సముద్రాల ఒడ్డున నడుస్తాను. కావలసినంత మార్పు. కానీ ఇన్ని దేశాలు నడిచినా, ఎదురొచ్చిన ఒక్కళ్ళూ "ఎక్కడికండి?" అని అడిగిన పాపాన పోలేదు. కూరలు ఆటోలో వస్తాయి. మైకులో రికార్డు చేసిన గొంతు రేటు చెబుతూ పోతుంది, దానికి వీపు చూపిస్తే ఏం తెలుస్తుంది? అందుకే ఒకరోజు నేనూ నా మిషన్ని పట్టి, తిప్పి, వీధికి వీపు వచ్చేలా పెట్టుకున్నాను. మా ఆయన ఎందుకని అడిగితే గాలి కోసం అని చెప్పాను. అప్పుడప్పుడూ నడక మధ్యలో కరెంటు పోతుంది. పట్టా ఆగుతుంది, తెర మీద మంచుకొండ మాయమవుతుంది, నేనూ ఆగిపోతాను. ఎవరూ పిలవలేదు కదా మరి. ఖాళీ వీధివైపు తిరిగి, చెమట తుడుచుకుంటూ, "సరేలే, ఆగాను కదా, నీ రేటే" అనుకుంటాను.